గుణుపురం కెంజీ

గుణుపురం సంతలో మన్మథరావుని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎడ్లు కొనడానికి వచ్చినా, బెల్లం అమ్మడానికి వచ్చినా, ఏదో ఒక మూల నుంచి "ఓరి, గంజి వచ్చేడ్రా!" అని కేక వినపడేది. అతను తిండికి లేనివాడు కాదు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఒరిస్సా కొండల దిగువన వంశధార పక్కన అడవి కొట్టి మడులు చేసుకున్న కుటుంబం వాళ్ళది. గాదె ఎప్పుడూ నిండుగానే ఉండేది. అలాంటి రైతుని పట్టుకుని గంజి అంటే ఒళ్ళు మండదా?

మండేది. మొదట్లో "నా పేరు మన్మథరావు" అని చెప్పి చూశాడు. తరవాత "గంజి కాదురా, కెంజీ" అని సరిదిద్దడం మొదలుపెట్టాడు. అది ఇంకా తప్పయింది. వాళ్ళకి కావలసింది అతనలా సరిదిద్దడమే.

ఈ పేరు తెచ్చిపెట్టినవారు ఢిల్లీశ్వరరావు మేష్టారు. ఆయన కుర్రతనంలో అందరిలాగే బర్మాలో రంగం వెళ్ళి, అక్కడొక జపాను ఫొటోగ్రాఫరు దగ్గర పనికి కుదిరారు. నలభై రెండులో జపాను వాళ్ళే రంగం మీద బాంబులు వేస్తే, అడవులంట నడుచుకుంటూ సగం ప్రాణంతో ఇంటికి చేరారు. కాలొకటి సరిగ్గా పడేది కాదు. తెచ్చుకున్నది ఒక్కటే, ఆ ఫొటోగ్రాఫరు ముసలి తల్లి చెప్పిన కథ. గుణుపురంలో పిల్లలకి హార్మోనియం నేర్పుతూ దాన్ని నాటకంగా రాశారు. పేరు "హనాకో పరిణయం".

రాసిన వెంటనే ఆడనివ్వలేదు ఊరి పెద్దలు. "ఇశాపట్నం మీద బాంబులేసినోళ్ళ నాటకం మనకేల?" అన్నారు. యుద్ధం అయిపోయాక, నలభై ఆరు ఎండాకాలంలో ఒప్పుకున్నారు.

కథ పెద్దదేం కాదు. జపానులో ఒక ఏటి ఒడ్డు ఊరు. పట్టు వర్తకుడి ఒక్కగానొక్క కూతురు హనాకో. పక్కింటి కెంజీ ఆమెతో పాటే పెరిగాడు. ఆమె తల్లికి జబ్బు చేస్తే వైద్యుణ్ణి వీపున మోసుకొచ్చాడు. ఇల్లు తగలబడితే తండ్రిని బయటికి లాక్కొచ్చాడు. ఇద్దరికీ పెళ్ళని అందరూ అనుకున్నారు. రెండో అంకంలో సబురో అనేవాడు పడవ దిగి పిల్లనగోవి ఊదుతాడు. అంతే, హనాకో మనసు అటు పోయింది. మూడో అంకంలో వాళ్ళిద్దరూ ఏరు దాటి పోవాలనుకుంటే, కెంజీ ముందే వచ్చి పడవ కట్టు విప్పి నీళ్ళలోకి తోసేసి, ఒడ్డున నిలబడి నవ్వుతాడు. నాలుగో అంకంలో బుద్ధి వచ్చి, తనే వేరే పడవ తెచ్చి, వానలో వాళ్ళకి కాగితం గొడుగు పట్టి, ఆ గొడుగు సబురో చేతికిచ్చి తను తడుస్తూ వెళ్ళిపోతాడు.

మన్మథరావుకి అప్పటికి ఇరవై అయిదు దాటాయి. సబురో పద్యాలన్నీ నాగలి పట్టుకునే కంఠతా పెట్టేశాడు. మేష్టారి ముందు నిలబడి ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాడు. మేష్టారు చివరిదాకా విని, బట్టలకొట్టు వారి కుర్రాడు జగ్గారావు కేసి తిరిగారు.

"జగ్గా, సబురో నువ్వు."

"మేష్టారూ, ఆడికి ఒక్క పద్దెం రాదు!" అన్నాడు మన్మథరావు.

"నీకు పద్యం వచ్చు, రాగం రాదు. ఆడికి రాగం వచ్చు, మరేటీ రాదు. ఈరోకి రాగం సాలురా. కెంజీకే మనిసి కావాల. నువ్వు కెంజీ ఎయ్యి."

పొగిడారో తిట్టారో తెలియకపోయినా మన్మథరావు ఒప్పుకున్నాడు. ఒక్క ఏడే కదా అనుకున్నాడు.

హనాకో వేషం మల్లేశుది. ముగ్గురు పిల్లల తండ్రి. మీసం తీసేసి, మొహానికి తెల్లగా సఫేదా పూసి, బరంపురం పట్టు చుట్టబెడితే చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. అందరి కాళ్ళకీ పాంకోళ్ళు, చేతిలో తాటాకు విసనకర్రలు. మేష్టారు పట్టుబట్టింది మాత్రం కెంజీ నవ్వు కోసం. అందుకని మన్మథరావు చోడి చేలో కంకుల మీద వాలే చిలకల్ని తోలుతూ నవ్వడం సాధన చేశాడు. పక్క చేనువాళ్ళు అతనికేదో పట్టిందని వాళ్ళమ్మకి కబురు పెట్టారు.

మొదటి ఆట రోజున, పడవ నీళ్ళలోకి పోయాక అతను నవ్విన నవ్వుకి మైదానం అంతా నిశ్శబ్దమైపోయింది. తరవాత తిట్లు మొదలయ్యాయి. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. ఒక ముసలమ్మ లేచి, "నీ సెయ్యి పడిపోను! ఆ గుంటపిల్లని ఏడిపించకురా!" అని శాపనార్థాలు పెట్టింది. తెర వెనక మేష్టారు సంతోషం పట్టలేక కుంటి కాలితోనే గంతులేశారు. జగ్గారావుకి దండ పడింది. మన్మథరావు నుదుటి మీద బెడ్డ తగిలిన చోట బొప్పి కట్టింది.

రెండేళ్ళ తరవాత పద్మపూర్‌లో సంబంధం చూడడానికి వెళ్ళారు. పిల్ల పేరు చిలకమ్మ. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినప్పుడు అతని మొహం చూసి నవ్వు ఆపుకోలేక గబగబా లోపలికి పోయింది. ఆ పోవడం మన్మథరావుకి ఎంతో నచ్చింది. మన్మథరావు తండ్రి సోములు మాటలు మొదలుపెట్టే లోపల పిల్ల మామ్మ గున్నమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి దగ్గరగా నిలబడింది.

"పెళ్ళికొడుకు ఈడా?"

"అవునప్పా. మా మన్మథరావు," అన్నాడు సోములు.

"మన్మథరావేటి? గంజి! పడవ ఇప్పీసినోడు!"

శాపనార్థాలు పెట్టిన ముసలమ్మ ఆవిడే. మన్మథరావు చేతులు జోడించాడు. "మామ్మా, అది నాటకం. మేష్టారు పుస్తకంలో ఎలాగ రాసేరో అలాగ సేసేను."

"పడవ ఇప్పమన్నారు, ఇప్పేవు. సరే. నవ్వేవే! ఆ నవ్వు కూడా పుస్తకంలో ఉందేటి?"

"ఉంది మామ్మా. ఇక్కడ కెంజీ నవ్వును అని రాసేరు."

"రాస్తే నవ్వొచ్చేస్తాదా? మా ముసలోడు సచ్చిపోయినప్పుడు అందరూ నన్ను ఏడు, ఏడు అన్నారు. నాకు రానేదు. లోపల ఉంటేనే వస్తాది. నీకు లోపల ఉంది నాయనా. నా మనవరాల్ని నీకియ్యను."

ఎవరెంత చెప్పినా ఆవిడ వినలేదు. చిలకమ్మ తండ్రి తలవంచుకుని బండి దాకా సాగనంపాడు. దారిలో సోములు ఎడ్లని తప్ప ఇంకెవర్నీ తిట్టలేదు, కాని ఎడ్లని చాలా తిట్టాడు.

ఇంతా చేసి, ఆ మామ్మే గుణుపురం మనిషిని పంపి "ఆ పిల్లనగోవి అబ్బాయికి పెళ్ళయ్యిందా?" అని అడిగించింది. జగ్గారావుకి పిల్లనగోవి ఊదడమే రాదు. తెర వెనక వేరే మనిషి ఊదితే అతను వేళ్ళు కదిపేవాడు. ఆ సంగతి పద్మపూర్‌లో చెప్పాలని మన్మథరావు నాలిక చివరి దాకా వచ్చింది. చెబితే నిజంగానే పడవ విప్పినవాడవుతాడు. నోరు మూసుకున్నాడు. చిలకమ్మకీ జగ్గారావుకీ పెళ్ళి కుదిరింది. జగ్గారావు ఇంటికొచ్చి, "నువ్వు రాకపోతే నాకు పెళ్ళి పెళ్ళిలాగుండదురా," అని బలవంతంగా తీసుకెళ్ళాడు. పందిట్లో అతను చెయ్యి కడుక్కోవడానికి లేచినా సరే, "పడవ జాగర్తరోయ్!" అని మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ కలిసి నవ్వారు.

ఆ ఎండాకాలం మన్మథరావు వేషం మానేశాడు. మేష్టారు కన్నారావు అనే కుర్రాడికి తర్ఫీదిచ్చి పద్మపూర్ జాతరలో ఆడించారు. కన్నారావు నవ్వితే దగ్గినట్టుంది. మూడో అంకంలో జనం "గంజిని తెండి! మా గంజేడీ?" అని గోల చేసి, నాలుగోది చూడకుండా లేచిపోయారు. మర్నాడు మేష్టారు, జగ్గారావు, మల్లేశు ముగ్గురూ మన్మథరావు కళ్ళంలోకి వచ్చి నిలబడ్డారు.

"వస్తాను. కాని వచ్చే ఏడు ఈరో నాను," అన్నాడు మన్మథరావు.

"అలాగేరా," అన్నారు మేష్టారు.

ఆ వచ్చే ఏడు రాలేదు. ఒక ఏడు జగ్గారావుకి కొడుకు పుట్టాడు, వాడి సంతోషం చెడగొట్టకూడదన్నారు. ఇంకో ఏడు పర్లాకిమిడి నుంచి పెద్దమనుషులు చూడ్డానికి వస్తున్నారు, ఇప్పుడు మార్చకూడదన్నారు. మరో ఏడు వానలు ముందొచ్చాయి, కొత్తగా నేర్చుకోడానికి వ్యవధి లేదన్నారు. సబురో మాటలు అతనికి నేర్చుకోనవసరం లేదని, ఆరేళ్ళుగా వచ్చునని, మన్మథరావు అరిచి చెప్పినా ఆయనకి వినపడలేదు.

దగ్గరలో ఎవరూ పిల్లనివ్వలేదు. ప్రతి ఊళ్ళోనూ నాటకం చూసిన ముసలమ్మ ఒకతె ఉండేది. చివరికి అతను ఘాటీ ఎక్కి లక్ష్మీపూర్ సంతకి ఎడ్లు తోలుకెళ్ళినప్పుడు, అక్కడ చింతపండు వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబంతో పరిచయమైంది. వాళ్ళమ్మాయి గురువమ్మ. కొండ మీద పెరిగింది, బేరాలు అక్కడి కొండ భాష దేశియాలో ఆడేది, కోపం మాత్రం తెలుగులో వచ్చేది. వాళ్ళెవరికీ హనాకో తెలియదు, కెంజీ తెలియదు. మన్మథరావుకి ప్రాణం లేచొచ్చింది.

"నాటకాలు ఆడతావంట గదా?" అంది గురువమ్మ పెళ్ళికి ముందు ఒకసారి.

"అప్పుడప్పుడు."

"ఏ ఏషం?"

"ఏదో సిన్న ఏషం," అన్నాడు.

పెళ్ళయిన మరుసటి ఎండాకాలం ఆమె గుణుపురంలో మొదటిసారి నాటకం చూసింది. పడవ విప్పినప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళు తన మొగుణ్ణి తిడుతుంటే కదలకుండా కూర్చుంది. నాలుగో అంకంలో కెంజీ గొడుగు సబురో చేతికిచ్చి, వెళ్ళబోతూ ఒక్కసారి హనాకో కేసి చూస్తాడు. అంతవరకూ తిట్టినవాళ్ళే అక్కడ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. గురువమ్మ మాత్రం లేచి చాప దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున్న చద్దన్నం గిన్నె అతని ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

"ఏటయ్యింది? నాటకం నచ్చనేదా?"

"నన్నెప్పుడేనా అలాగ సూసేవా?"

"ఎలాగ?"

"ఆ పట్టుకోకదాని కేసి సూసినట్టు."

మన్మథరావుకి నవ్వొచ్చింది. "ఓసి పిచ్చిదానా! అది మల్లేశు. మన మంగలి సాలయ్య బావమరిది. ముగ్గురు పిల్లలు ఆడికి."

"మల్లేశయితే మరీ అన్నేయం. మీసాలోడి కేసి అలాగ సూడగలిగినోడివి, కట్టుకున్నదాని కేసి సూడ్డానికి ఏటొచ్చింది?"

"ఆ సూపు నేర్సుకోడానికి ఎంత పాటు పడ్డానో నీకేటి తెలుసు!" అన్నాడు. అని, అనకుండా ఉండాల్సిందనుకున్నాడు.

"నేర్సుకున్నావు గదా. ఇంట్లో కూడా ఒకపాలి సూడు."

చాలా ఇబ్బంది పడి, గిన్నె పక్కన పెట్టి, అతను నిజంగానే ప్రయత్నించాడు. గురువమ్మ కాసేపు చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"వొద్దు, ఒగ్గీ. అది ఆ పిల్ల ఎలిపోతంటే సూసిన సూపు. నానెక్కడికీ ఎల్లటం నేదు."

అతను చద్దన్నం గిన్నె ఖాళీ చేసి చేలోకి పోయాడు. ఊరంతా తను దుర్మార్గుడని తిడుతోంది, ఇంట్లో మనిషేమో తను మంచివాడుగా ఉన్న ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని తిడుతోంది. ఎవరితో చెప్పుకుంటాడు? మల్లేశుతో చెప్పుకుంటే వాడు కడుపు పట్టుకుని నవ్వి, సాయంత్రానికి సంతంతా చాటాడు.

అలా సాగుతూ అరవై ఒకటి దాటింది. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు లేస్తోంది. పనికి కోస్తా అంతటి నుంచీ తెలుగువాళ్ళు వచ్చి కాలనీలో దిగారు. వాళ్ళు కబురంపారు, నాటకం ఆడమని. జగ్గారావు అప్పటికి లావెక్కి, గొంతుంది గాని నిలబడితే ఆయాసం వచ్చేది. "ఇంక నా వల్ల కాదు మేష్టారూ. తెర ఎనక పాడతాను," అన్నాడు.

మేష్టారు మన్మథరావుని పిలిచారు. "ఈ పాలి సబురో నువ్వేరా."

నలభై దాటిన మన్మథరావు ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి మీసం తీసేశాడు. గురువమ్మ చూసి, "ఎవులయ్యా నువ్వు?" అంది. ఆ మాటకి కూడా కోపం రాలేదు అతనికి. గురువమ్మతో కలిసి బస్సెక్కి, రాయగడ దాకా పద్యాలు గొణుక్కుంటూనే ఉన్నాడు.

పొద్దు గుంకగానే ఆట మొదలైంది. రెండో అంకంలో పడవ దిగాడు. పిల్లనగోవి వేరేవాడు ఊదాడు. పద్యం జగ్గారావు తెర వెనక పాడాడు. మన్మథరావు వేళ్ళు కదిపాడు, పెదాలు కదిపాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో అతనికి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ తను ఏడ్చింది దీనికా అనిపించింది. సబురోకి చేసే పనేమీ లేదు. వైద్యుణ్ణి మోసేది లేదు, నిప్పులో దూకేది లేదు. వచ్చి నిలబడితే పిల్ల దొరుకుతుంది.

మూడో అంకం. కెంజీ వేషం కన్నారావుది. జనాన్ని చూసి బెదిరిపోయి పడవ విప్పడం మరిచిపోయాడు. హనాకో, సబురో ఒడ్డుకి వచ్చేసరికి పడవ అక్కడే ఉంది. ఏడవడానికి మల్లేశుకి కారణం లేకపోయింది.

"ఇప్పరా," అన్నాడు మన్మథరావు పళ్ళ సందుల్లోంచి.

కన్నారావు విప్పాడు. పడవ పోయింది. నవ్వలేదు. నిలబడ్డాడు. మల్లేశు ఏడుపు ఎత్తుకోకుండా ఎదురుచూస్తున్నాడు. తెర వెనక హార్మోనియం ఆగిపోయింది. మన్మథరావు నోట్లోంచి నవ్వు దానంతటదే తన్నుకొచ్చింది, చోడి చేలో నేర్చుకున్న ఆ నవ్వు. తన పడవ పోతుంటే తనే నవ్వుతున్న సబురోని చూసి కాలనీ జనం ఒక్క క్షణం తెల్లబోయారు. గుణుపురం వైపు నుంచి పనికొచ్చిన వాళ్ళు కొందరు వెనక వరసల్లో లేచి, "గంజీ! మా గంజి రోయ్!" అని ఈలలు వేశారు. ఆ తరవాత నాటకం నాటకంగా సాగలేదు. గొడుగు చేతులు మారినప్పుడు కూడా జనం నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున రాయగడలో బస్సు కోసం కూర్చున్నారు. గురువమ్మ జంతికల పొట్లం విప్పి ముందు పెట్టింది. మన్మథరావు ముట్టలేదు. కాసేపటికి మేష్టారి పక్కకి జరిగాడు.

"మేష్టారూ, నా కెంజీ నాకిచ్చేయండి. ఈ ఈరో నాకొద్దు."

"ఇంక ఎక్కడి నాటకంరా?" అన్నారు ఆయన. "మల్లేశు మిల్లులో పనికి కుదిరేడు. జగ్గడు నిలబడలేడు. మొన్న పద్మపూర్‌లో కూడా డేరా సినిమా దిగింది. నాకూ ఓపిక నేదు. నిన్నటితో సరి."

ఆయన జంతిక కొరుకుతూ, ఎందుకో గుర్తొచ్చినట్టు అన్నారు, "ఆ జపాను ముసల్ది కెంజీ కథ ఇంకా సెప్పింది సుమీ. వానలో ఎల్లిపోయేక కూడా చాలా ఉంది."

"ఏటీ?"

"అయిదో అంకం అంతా ఆడిదే. పెళ్ళి అయిపోయేక జనం కూకోరు గదా అని నానే కొట్టీసేను."

మన్మథరావు లేచి నిలబడ్డాడు. "పదారేళ్ళు! పదారేళ్ళు ఆడేను, ఒక్క నాడు సెప్పనేదేటి! ఏటయ్యేడు? కెంజీ ఏటయ్యేడు?"

"ఉండరా, ఆలోసించనీ," అన్నారు మేష్టారు. బస్సు వచ్చేసింది. ఆయనకి గుర్తు రాలేదు.

ఆ ఏడంతా మన్మథరావు వీలైనప్పుడల్లా ఆయన ఇంటికి వెళ్ళాడు. చేలో పండిన దోసకాయలు పట్టుకెళ్ళాడు, చెరుకు పట్టుకెళ్ళాడు. ఒకసారి మేష్టారు, కెంజీ సన్నాసుల్లో కలిసిపోయాడన్నారు. ఇంకోసారి, కాదు, ఓడెక్కి రంగం వచ్చేశాడన్నారు. ఎవరో విధవరాలిని చేసుకుని చేపల వ్యాపారం పెట్టాడని మరోసారి. "నిజం సెప్పండి," అని మన్మథరావు బతిమాలాడు. ఇంటికొస్తే గురువమ్మ కూడా, "సెప్పేరేటి?" అని అడిగేది. ఆమెకి చేపల వ్యాపారం సంగతి కొంచెం నచ్చింది.

అరవై రెండు చివర్లో, కోతల ముందు, అతను మేష్టారి కాళ్ళ దగ్గర కూర్చుని గట్టిగా పట్టుకున్నాడు. ఇవాళ తేలేదాకా కదలనన్నాడు. ఆయన చాలాసేపు తల గోక్కుని, చివరికి సిగ్గుపడుతూ అన్నారు:

"కోప్పడకురా. రోజల్లా ఆ ఫొటో పెట్టి మోసి మోసి ఉన్నాను. ముసల్ది అయిదోది మొదలెట్టింది, ఆడు వానలో నడిసెల్తన్నాడు అంది. అంతవరకే గేపకం. మరి నాకు నిద్దరొచ్చీసింది."

మన్మథరావు ఆయన కాళ్ళు వదిలేశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెప్పకుండానే గడప దాటాడు. కోతలైపోయి కొత్త ధాన్యం ఇంటికొచ్చినా, ఏటా మేష్టారి ఇంటికి తనే మోసుకెళ్ళే బస్తాని ఆ ఏడు తను మొయ్యలేదు. గురువమ్మే మోయించుకెళ్ళింది.